సైనికుడు, వ్యాపారి, అభ్యర్థి: ప్రైమరీ ఎన్నిక నుంచి మనం తెలుసుకోవలసినది

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ సంఘాల్లో చాలా కుటుంబాలకు అమెరికాలో ఎవరో ఒకరు ఉన్నారు. అక్కడ ఎన్నికల వేడి మొదలైతే ఇక్కడ ఆరాధన అయ్యాక మాటల్లోకి ఆ కబుర్లు వస్తాయి. "ఆయన ఆర్మీలో పనిచేశాడట, బయటికొచ్చి కంపెనీ పెట్టాడట, ఇప్పుడు కాంగ్రెస్ ప్రైమరీలో నిలబడ్డాడట" అని ఒకరంటే, "అయితే మంచివాడే అయ్యుంటాడు" అని పక్కవారు అంటారు. ఆ "అయ్యుంటాడు" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. యూనిఫాం, వ్యాపారంలో గెలుపు ఒక మనిషి గురించి ఎంతవరకు చెబుతాయి? ఎక్కడ ఆగిపోతాయి? ఈ ప్రశ్నలు అమెరికాకే కాదు, ముషీరాబాద్‌కూ సికింద్రాబాద్‌కూ వర్తిస్తాయి.

ప్రైమరీ అంటే ఏమిటి?

ముందుగా ఒక చిన్న వివరణ. అమెరికాలో కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు. అందులో ప్రతినిధుల సభకు 435 మంది సభ్యులు. వారి పదవీకాలం రెండేళ్లే. అందుకే అక్కడ ప్రతి రెండేళ్లకూ ఎన్నికలు వస్తాయి. 2026లో పోలింగ్ తేదీ నవంబర్ 3. దానికి కొన్ని నెలల ముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీన ప్రైమరీలు జరుగుతాయి.

సంఘంలో కమిటీ ఎన్నికలు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. రెండు ప్యానెళ్లు పోటీలో ఉన్నాయనుకోండి. ఒక ప్యానెల్ తరఫున సెక్రటరీగా ఎవరు నిలబడాలో నలుగురు పెద్దలు ఎవరింట్లోనో కూర్చుని తేల్చేయడం ఒక పద్ధతి. ఆ ప్యానెల్‌ను బలపరిచే సభ్యులందరూ ముందే ఓటు వేసి తేల్చుకోవడం ఇంకో పద్ధతి. ఈ రెండోదే ప్రైమరీ. అసలు ఎన్నిక ఆ తర్వాత జరుగుతుంది.

ఒకప్పుడు అమెరికాలోనూ మొదటి పద్ధతే ఉండేది. పార్టీ పెద్దలు తలుపులు వేసుకుని అభ్యర్థిని నిర్ణయించడం మీద జనానికి విసుగు పుట్టి, 20వ శతాబ్దం మొదట్లో సంస్కరణలు వచ్చాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలో గవర్నర్ రాబర్ట్ లా ఫాలెట్ పట్టుబట్టగా, 1904లో అక్కడి ఓటర్లు ప్రైమరీ చట్టాన్ని ఆమోదించారు. తర్వాత మిగతా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. నియమాలు మాత్రం అన్నిచోట్లా ఒకటి కావు. మేరీల్యాండ్‌లో ఆ పార్టీ ఓటరుగా నమోదైనవారే దాని ప్రైమరీలో ఓటు వేయాలి. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు, ఓటరు ఏదో ఒక పార్టీ ప్రైమరీని ఎంచుకుంటాడు. కాలిఫోర్నియాలో అందరూ ఒకే బ్యాలెట్‌పై పోటీచేస్తే, మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారు నవంబర్‌కు వెళ్తారు.

హైదరాబాద్‌లో పుట్టిన ఒక అభ్యర్థి

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి మన ఊరి ఆడపడుచు కథే ఉంది. అరుణా మిల్లర్ ఇంటిపేరు కాట్రగడ్డ. 1964లో హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. సివిల్ ఇంజనీరుగా మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ రవాణా విభాగంలో పనిచేశారు. 2010లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2018లో మేరీల్యాండ్ 6వ స్థానం నుంచి కాంగ్రెస్‌కు వెళ్లాలని డెమొక్రటిక్ ప్రైమరీలో నిలబడ్డారు.

ఆ ప్రైమరీలో ఎనిమిది మంది ఉన్నారు. వారిలో ఇరాక్‌లో పనిచేసి వచ్చిన మాజీ సైనికుడు ఆండ్రూ డక్ ఒకరు. మద్యం దుకాణాల పెద్ద సంస్థ అధిపతి డేవిడ్ ట్రోన్ ఇంకొకరు. ట్రోన్ సొంత డబ్బు కోటి డాలర్ల దాకా పెట్టారు. ఫలితాల్లో ట్రోన్ మొదటి స్థానంలో, అరుణ రెండో స్థానంలో నిలిచారు. మాజీ సైనికుడు చాలా వెనుకబడిపోయారు.

డబ్బే గెలిపించిందని ఇక్కడితో తేల్చేస్తే పొరపాటు. అదే ట్రోన్ 2016లో పక్కనున్న 8వ స్థానంలో కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టి జేమీ రాస్కిన్ చేతిలో ఓడిపోయారు. 2024లో సెనేట్ ప్రైమరీకి 6 కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టి ఏంజెలా ఆల్సో‌బ్రుక్స్ చేతిలో ఓడిపోయారు. డబ్బు అభ్యర్థి పేరును ప్రతి ఇంటికీ చేరుస్తుంది. పేరు చేరాక నిర్ణయించేది ఓటరే.

అరుణ కథ 2018తో ఆగలేదు. 2022లో మేరీల్యాండ్ గవర్నర్ పదవికి పోటీచేసిన వెస్ మూర్ ఆమెను తన జోడీగా, లెఫ్టినెంట్ గవర్నర్ అభ్యర్థిగా ఎంచుకున్నారు. మూర్ సైన్యంలో పారాట్రూపర్ల దళంతో అఫ్గానిస్థాన్‌లో పనిచేశారు. తర్వాత బ్యాంకింగ్ రంగంలో ఉన్నారు, సొంతంగా ఒక సంస్థ పెట్టారు, పేదరికంపై పనిచేసే ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థను నడిపారు. పదవికి పోటీచేయడం అదే మొదటిసారి. పేరున్న నాయకులు చాలామంది ఉన్న ప్రైమరీలో నూటికి 32 ఓట్లు తెచ్చుకుని గెలిచారు. 2023 జనవరిలో ఇద్దరూ ప్రమాణం చేశారు.

మన దగ్గర బీ-ఫారం

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. చిక్కడపల్లి, అశోక్ నగర్ ఉన్న ముషీరాబాద్ అసెంబ్లీ స్థానం సికింద్రాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో భాగం. ఇక్కడ పార్టీ అభ్యర్థి ఎవరో మామూలు కార్యకర్త ఓటు వేసి తేల్చడు. పార్టీ అధిష్ఠానం తేల్చి బీ-ఫారం ఇస్తుంది. 2024లో సికింద్రాబాద్‌నే చూడండి. ఖైరతాబాద్ నుంచి బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా గెలిచిన దానం నాగేందర్ ఆ ఏడాది మార్చిలో కాంగ్రెస్‌లో చేరారు. అదే నెలలో కాంగ్రెస్ లోక్‌సభ అభ్యర్థి అయ్యారు. మే 13న జరిగిన ఎన్నికలో బీజేపీ అభ్యర్థి కిషన్ రెడ్డి గెలిచారు. ఇక్కడ తప్పొప్పులు ఎంచడం మన పని కాదు. ఎంపిక ఎక్కడ జరుగుతుందో చూపడానికే ఈ ఉదాహరణ. ఏ పార్టీ అయినా దాదాపు ఇదే తీరు.

మరి సైన్యం నుంచి వచ్చి వ్యాపారంలో పేరు తెచ్చుకున్న మనిషికి మన దేశంలో ఏ దారి ఉంది? కెప్టెన్ గోపీనాథ్ సంగతి చూడండి. "ఆకాశం నీ హద్దురా" సినిమా చూసినవారికి ఆయన పరిచయమే. ఆ కథకు ఆధారం ఆయన జీవితమే. కర్ణాటక హాసన్ జిల్లాకు చెందిన గోపీనాథ్ ఎనిమిదేళ్లు సైన్యంలో ఉన్నారు, 1971 యుద్ధంలో పనిచేశారు. తర్వాత వ్యవసాయం చేశారు. 1997లో హెలికాప్టర్ల సంస్థ పెట్టారు. 2003లో ఎయిర్ డెక్కన్‌తో తక్కువ ధరకు విమానం టికెట్ ఇచ్చారు. హైదరాబాద్ నుంచి విజయవాడకు కూడా ఆ విమానాలు నడిచాయి.

2009లో ఆయన బెంగళూరు దక్షిణ స్థానం నుంచి లోక్‌సభకు స్వతంత్రుడిగా నిలబడ్డారు. పార్టీలో చేరి, ఆ పార్టీ ఓటర్ల ముందు తన యోగ్యత నిరూపించుకునే ప్రైమరీ లాంటి మెట్టు ఆయనకు లేదు. బీజేపీకి చెందిన అనంత్ కుమార్ గెలిచారు, కాంగ్రెస్ అభ్యర్థి కృష్ణ బైరేగౌడ రెండో స్థానంలో నిలిచారు. దేశమంతా పేరు తెలిసిన గోపీనాథ్ ఎక్కడో వెనుక ఉండిపోయారు. 2014లో ఆమ్ ఆద్మీ పార్టీలో చేరి, అదే ఏడాది బయటికి వచ్చేశారు.

దీనికి భిన్నమైన దారి మన తెలంగాణలోనే ఉంది. ఉత్తమ్ కుమార్ రెడ్డి వాయుసేనలో మిగ్ యుద్ధ విమానాలు నడిపారు, రాష్ట్రపతి భవన్‌లోనూ పనిచేశారు. 1994లో కోదాడ నుంచి పోటీచేసి ఓడిపోయారు. వదలకుండా అక్కడే ఉండి 1999లో గెలిచారు. ఆ తర్వాత ఎమ్మెల్యే, పీసీసీ అధ్యక్షుడు, ఎంపీ, 2023 డిసెంబర్ నుంచి రాష్ట్ర మంత్రి. మొదటి ఓటమికీ మొదటి గెలుపుకీ మధ్య ఐదేళ్లు నియోజకవర్గంలో తిరగడం ఉంది. యూనిఫాం మనిషిని పరిచయం చేస్తుంది, నమ్మకం మాత్రం ఆ తర్వాతి పనితో వస్తుంది.

యూనిఫాం గురించి ఏం అడగాలి?

సైన్యంలో పనిచేసినవారిపై మనకు గౌరవం ఉండాలి. క్రమశిక్షణ, సాటివారి ప్రాణానికి బాధ్యత పడటం చిన్న విషయాలు కావు. అమెరికాలో 1970ల మొదట్లో కాంగ్రెస్ సభ్యుల్లో నూటికి 70 మందికి పైగా మాజీ సైనికులే. ఇప్పుడు 20 మంది కూడా లేరు. అందుకే ఆ నేపథ్యం ఉన్న అభ్యర్థి వస్తే పార్టీలు ముందుకు తెస్తాయి.

అయితే గౌరవం వేరు, పరిశీలన వేరు. వెస్ మూర్ విషయమే తీసుకోండి. 2006లో ఒక ఫెలోషిప్ దరఖాస్తులో తనకు బ్రాంజ్ స్టార్ పతకం వచ్చినట్టు రాశారు. అప్పటికి అది రాలేదు. 2024లో ఒక పత్రిక దాన్ని బయటపెట్టింది. పై అధికారి చెప్పిన మాటపై అలా రాశానని, సరిదిద్దుకోలేదని ఆయన వివరణ ఇచ్చారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ పతకం ఆయనకు నిజంగానే అందింది. నిజాయితీగా సేవ చేసినవారి విషయంలో కూడా రికార్డు చూడటం అవసరమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

సైన్యం ఎవరి పక్షమూ కాదు. ఎన్నికల ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడవద్దని మన ఎన్నికల సంఘం 2013లో పార్టీలకు చెప్పింది, 2019లో మళ్లీ గుర్తుచేసింది. అమెరికాలో మాజీ సైనికుడు యూనిఫాంలో ఉన్న పాత ఫొటో ప్రచారంలో వాడితే, దాన్ని రక్షణ శాఖ మద్దతుగా భావించరాదన్న గమనిక కూడా పెట్టాలి.

వ్యాపారం గురించి ఏం అడగాలి?

వ్యాపారి విషయంలో మొదటి ప్రశ్న డబ్బు. అమెరికాలో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి 2025–26లో ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లకు మించి ఇవ్వరాదు. ప్రైమరీని ఒకటిగా, నవంబర్ ఎన్నికను ఇంకొకటిగా లెక్కిస్తారు. కానీ అభ్యర్థి తన సొంత డబ్బు ఎంతైనా పెట్టుకోవచ్చు. 1976లో వారి సుప్రీం కోర్టు అలా తీర్పిచ్చింది. మన దగ్గర పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు 95 లక్షల రూపాయలు, అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. డబ్బు ఎవరిదైనా ఇదే పరిమితి.

రెండో ప్రశ్న, ప్రభుత్వంతో లావాదేవీలు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 9ఏ ప్రకారం, సరుకు సరఫరాకో పనులు చేయడానికో సంబంధిత ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తున్న వ్యక్తి పోటీకి అనర్హుడు. మూడోది, అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఫారం 26లో రాసి ఇవ్వాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదివే మన పిల్లలకు చెబితే పది నిమిషాల్లో తీసి ఇంట్లో పెద్దలకు చదివి వినిపిస్తారు. జీతాలు సమయానికి ఇచ్చాడా, అప్పులు తీర్చాడా, పన్ను కట్టాడా అన్నది కంపెనీ ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కువ చెబుతుంది.

సంఘం ఎక్కడ ఆగాలి?

ఎన్నికలు వస్తే అభ్యర్థులు ప్రార్థన చేయించుకోవడానికి మందిరానికి వస్తారు. ప్రార్థన ఎవరికైనా చేయవచ్చు. ఆ ఫొటో మర్నాడు ప్రచార కరపత్రంపైకి ఎక్కితే మాత్రం, సంఘమంతా ఆయన వైపే ఉందన్న అర్థం వస్తుంది. సభ్యుల్లో ఎవరూ ఇవ్వని మాట అది.

చట్టం కూడా ఇక్కడ గట్టిగానే ఉంది. మతం పేరుతో ఓటు అడగడం సెక్షన్ 123(3) కింద అవినీతికర చర్య. 2017 జనవరి 2న సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అభిరాం సింగ్ కేసులో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని నలుగురి మెజారిటీతో తేల్చింది. ఫలానా వారికి ఓటు వేయకపోతే దేవుని కోపం వస్తుందని బెదిరించడం అనుచిత ప్రభావం కిందికి వస్తుంది. ప్రార్థనా స్థలాలను రాజకీయ పనులకు వాడటాన్ని 1988 నాటి చట్టం నిషేధిస్తుంది. దీనికి జైలు శిక్ష కూడా ఉంది. ఏ మతానికైనా ఇవే నియమాలు.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక మాట తప్పక చెప్పండి. ప్రైమరీ అయినా, నవంబర్ ఎన్నిక అయినా కాంగ్రెస్‌కు ఓటు పౌరసత్వం ఉన్నవారికే. గ్రీన్ కార్డు ఉన్నా ఓటు లేదు. ఎవరో ఫారం ఇచ్చారని పొరపాటున ఓటరుగా నమోదైతే వీసా, నివాసం రెండూ ప్రమాదంలో పడవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారు చందా ఇవ్వవచ్చు. హెచ్-1బీ, విద్యార్థి వీసాలపై ఉన్నవారు ఇవ్వకూడదు. తెలిసిన తెలుగువాడు నిలబడ్డాడని మొహమాటపడి వంద డాలర్లు పంపినా అది చట్టాన్ని మీరినట్టే.

మన దగ్గర ప్రైమరీలు లేవు కాబట్టి ప్రశ్నించే అవకాశం లేదనుకోవద్దు. బీ-ఫారం చేతికి రాకముందే అభ్యర్థులు బస్తీల్లో తిరుగుతారు, పెద్దలను కలుస్తారు, మద్దతు ఎంతుందో చూసుకుంటారు. ప్రశ్నలు అడగాల్సింది అప్పుడే. సైన్యంలో ఏం పని చేశారు, వ్యాపారంలో ఎవరికి బాకీ ఉన్నారు, ఓడిపోతే ఐదేళ్లు ఇక్కడే ఉంటారా? ఈ మూడింటికీ సూటిగా జవాబిచ్చే మనిషిని ఇంటికి రానిచ్చి కూర్చోబెట్టండి. ఓటు ఎవరికన్నది మాత్రం మీకూ మీ మనస్సాక్షికీ మధ్యనే ఉండనివ్వండి.