చీమల బారు చూశారా... వడియాలు తీశారా?

మిద్దె మీద వడియాలు పెట్టి కిందికి దిగుతుంటే, గోడ వెంట చీమలు గుడ్లు మోసుకుంటూ బారులు తీరి కనిపించాయనుకోండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే వెంటనే అంటుంది, "వానొచ్చేలా ఉంది, ముందా వడియాలు తీయండర్రా!" అని. నవ్వి ఊరుకోకండి. ఈ మాట చాలా పాతది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన ‘బృహత్సంహిత’లో కూడా వాన దగ్గర పడిందనడానికి చెప్పిన గుర్తుల్లో ఇదొకటి.

మరి ఇందులో నిజమెంత?

చీమలు: గూట్లో తడి, వేడి మారితే చీమలు పిల్లల్ని వేరే చోటికి చేరుస్తాయి. మనం గుడ్లనుకునే ఆ తెల్లటి గింజల్లో చాలావరకు పిల్లపురుగులే! అయితే గూడు మారడానికి వేరే కారణాలూ ఉంటాయి. కనుక ప్రతి బారూ వానకు గుర్తు కాదు.

కప్పలు: చర్మం తడిగా ఉంటేనే వాటికి బతుకు. గాలిలో తేమ పెరగ్గానే హుషారొస్తుంది. ఆ బెకబెకలు మగకప్పలు జోడు కోసం పెట్టే కేకలు. వానలు రాకపోతే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పే ‘కప్పతల్లి’ ఆట తెలంగాణ పల్లెల్లో ఉంది. ఇల్లాళ్లు బిందెతో నీళ్లు పోస్తారు. వేడుక బాగానే ఉంటుంది కానీ, కప్ప వానను తేదు. వానే కప్పను బయటికి తెస్తుంది.

ఆరుద్ర పురుగు: జూన్ చివర్లో వచ్చే ఆరుద్ర కార్తెలో కనిపించే ఈ ఎర్రటి ముఖమల్ పురుగు నేల తడిశాకే పైకొస్తుంది. అంటే అది చెప్పేది రేపటి వాన సంగతి కాదు, పడిన వాన సంగతి.

ఇవన్నీ చుట్టూ ఉన్న తేమను పసిగట్టగలవు. అంతేకానీ గాలి ఎంత వేగంతో వీస్తుందో, ఉప్పెన ఎంత ఎత్తున లేస్తుందో చెప్పలేవు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది ప్రాణాలు పోయాయి. అలాంటి ముప్పు ముంచుకొచ్చేటప్పుడు చీమలనో పిట్టలనో చూస్తూ కూర్చోలేం కదా!

అందుకే వడియాలు, ఆవకాయ ముక్కలు, ఆరేసిన బట్టల విషయంలో చీమల మాట వినండి. పోతే కాస్త శ్రమే పోతుంది. మీవాళ్లు వేటకు వెళ్లాలన్నా, మీరు నాట్లకు వెళ్లాలన్నా మాత్రం వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకోండి. పిడుగుల సంగతి చెప్పడానికి ‘దామిని’ యాప్ ఉంది. ఉరుము వినబడితే చెట్టు కిందికి పోకుండా ఇంట్లోకి రండి. పిల్లలకూ అదే నేర్పండి.