ఏడు ఆదివారాలు, అర టికెట్టు

2025లో మన రాష్ట్రంలో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో ముగిశాయి. వేళ్ల మీద లెక్కేస్తే 49 రోజులు, అందులో ఏడు ఆదివారాలు. ఏటా ఒకటి అటూ ఇటూగా ఇదే లెక్క. విశాఖ కూర్మన్నపాలెంలో పిల్లలున్న ఇంట్లో "బీచ్‌కి ఎప్పుడెళ్దాం నాన్నా?" అన్న మాటకు దొరికే జవాబులు ఈ ఏడే. అవి కూడా ఖాయం కాదు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే మనిషికి సెలవు ఆదివారమే పడాలని లేదు. రాత్రంతా పనిచేసి తెల్లారి ఇల్లు చేరినాయన నిద్రపోతాడు, పిల్లలు చప్పుడు చేయకుండా ఆడుకుంటారు. అలా ఒక్కో ఆదివారం చేజారుతుంది.

సముద్రం చూడటానికి ఎవరూ డబ్బులడగరు. కానీ కూర్మన్నపాలెం నుంచి ఆర్కే బీచ్ 20 కిలోమీటర్లకు పైనే. గాజువాక, ఎన్‌ఏడీ దాటుకుంటూ సిటీ బస్సులో గంటకు పైగా పడుతుంది. ఉచితమైన చోటుకు వెళ్లడానికయ్యే ఖర్చంతా దారి ఖర్చే. అందుకే మా ప్రాంతపు వేసవి లెక్కను బస్సు టికెట్టు దగ్గర మొదలుపెడుతున్నాను.

అమ్మ, నాన్న, 14 ఏళ్ల కూతురు, 10 ఏళ్ల కొడుకు ఉన్న ఇంటిని తీసుకుందాం. పెద్దపిల్లకు ఫుల్ టికెట్టే. 12 ఏళ్లలోపు కాబట్టి అబ్బాయికి అర టికెట్టు. నలుగురూ కలిసి వెళ్తే ఒక వైపుకు మూడున్నర టికెట్లు. ఇది 2025 వేసవి దాకా ఉన్న లెక్క.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే అయిదు రకాల ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చేతికిస్తాడు. ఏసీ బస్సులకు ఇది వర్తించదు. కూతురి కార్డు కూడా సంచిలో వేసుకోవడం మరిచిపోవద్దు.

ఇప్పుడు అదే ఇంటి లెక్క మళ్లీ వేద్దాం. నలుగురూ వెళ్తే ఒకటిన్నర టికెట్టు. నాన్న డ్యూటీలో ఉండి, అమ్మ ఒక్కతే పిల్లలిద్దరినీ తీసుకెళ్తే అర టికెట్టు. మూడున్నరను అరతో భాగిస్తే ఏడు వస్తుంది. టికెట్టు ధర ముప్పయ్యో యాభయ్యో, ఎంతైనా కానివ్వండి, నిష్పత్తి మారదు. అప్పట్లో నలుగురూ ఒక్కసారి బీచ్‌కి వెళ్లొచ్చిన ఖర్చుతో ఇప్పుడు అమ్మా పిల్లలూ ఏడుసార్లు వెళ్లి రావచ్చు. సెలవుల్లో ఉన్న ఆదివారాలు కూడా ఏడే.

ఈ పథకం మీద జరిగిన వాదనల్లో ఆడవాళ్ల ఉద్యోగాల ప్రయాణం, ఆసుపత్రి ప్రయాణం గురించి చాలా విన్నాం. షికారు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. "ఆయనకి సెలవు దొరకాలి" అన్న ఒక్క మాట దగ్గర ఎన్ని ఇళ్లలో షికార్లు ఆగిపోయాయో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పథకం వచ్చాక పడే మొదటి వేసవి 2026దే. ఆ మాట కోసం ఆగనక్కర్లేకుండా అమ్మే ముందు నడవగల వేసవి ఇది.

బీచ్‌కి ఏ వేళకు వెళ్లాలన్నది కూడా అంకెల్లోనే తేలుతుంది. మే నడిమధ్యలో విశాఖలో ఇంచుమించు 5.25కి పొద్దు పొడుస్తుంది, సాయంత్రం 6.22కి కుంకుతుంది. హైదరాబాదు కంటే మనకు దాదాపు 20 నిమిషాల ముందే తెల్లారుతుంది. 20 కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు సూర్యోదయం అందుకోవడం కష్టం. సాయంత్రమే మేలు. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దువాలేకొద్దీ ఎండ వీపు వైపుకు పోతుంది. బీచ్ రోడ్డు మేడల నీడ ఇసుక మీదికి సాగుతుంది, గాలి నీటి మీదుగా వస్తుంది. నాలుగున్నరకు ఇంటి దగ్గర బస్సెక్కితే ఆ నీడలోకే దిగుతారు.

ఆ బీచ్‌లోనే ఉన్న కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లాలంటే టికెట్టుంది. బయట నిలబడి చూడటానికి టికెట్టు అక్కర్లేదు. 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001లో విశ్రమించిన ఆ 91 మీటర్ల ఓడ మరుసటి ఏడాది నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంది. దాని పొడవు ఎన్ని అడుగులుందో పిల్లల చేత నడిపించి లెక్కపెట్టించండి, గుర్తుండిపోతుంది.

దగ్గర్లోనే సముద్రం కావాలంటే అప్పికొండ ఉంది. స్టీల్‌ప్లాంటు కోసం 64 ఊళ్ల భూములు పోయిన ఈ ప్రాంతంలో, ఒడ్డున సోమేశ్వరుడి గుడి నిలిచి ఉంది. శివరాత్రికి జనం పోటెత్తుతారు, వేసవి సాయంత్రాలు నిమ్మళంగా ఉంటుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. విశాఖ తీరంలో ఎక్కడైనా సరే, పిల్లలను మోకాలి లోతు దాటనివ్వద్దు. వెనక్కి లాగే కెరటం ఈతొచ్చినవాళ్లనూ లాక్కుపోతుంది.

అటు పడమటికి వెళ్తే 20 కిలోమీటర్ల లోపే అనకాపల్లి. నూకాలమ్మ జాతర ఉగాది ముందురోజు, కొత్త అమావాస్యతో మొదలై నెలరోజులు సాగుతుంది. అంటే ఒంటిపూట బడుల రోజులు. ఆదివారాలు కిక్కిరిసిపోతాయి కాబట్టి బడి విడిచాక మామూలు రోజు చూసుకుని వెళ్లండి. ఉత్తరాంధ్ర తీర్థాల్లో అదృష్టం బాగుంటే తప్పెటగుళ్లు తగులుతాయి. కాళ్లకు గజ్జెలు, గుండెల మీద రేకు తప్పెట, పదిహేను ఇరవై మంది ఒకే అడుగు వేస్తారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడినప్పుడు కూడా దరువు తప్పదు. కింద ఉన్నవాడి మెడనరాలు చూడాలి. ఆ కళను ఏ వేదిక మీద చూసినా తీర్థంలో మట్టి మీద చూసినట్టు ఉండదు. అనకాపల్లి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. 1907లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించిన బౌద్ధక్షేత్రం. రాతిమెట్లెక్కాలి, కాబట్టి మధ్యాహ్నం వద్దు.

మామూలు రోజులకు గ్రంథాలయం ఉంది. ఏటా సెలవుల్లో గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చదివించడం, బొమ్మలు వేయించడం, ఆటలు, అన్నీ ఉచితమే అంటారు. నిజానికి మనం ముందే కట్టేశాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పన్ను మూడు వేలైతే 240 రూపాయలు పుస్తకాలకు వెళ్లినట్టు. అద్దె కట్టేవాళ్లు కూడా ఆ అద్దెలో ఇది కడుతున్నట్టే. దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి "మా పిల్లల్ని చేర్చుకోండి" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అసలు బస్సే ఎక్కక్కర్లేనిది ఒకటుంది. కూర్మన్నపాలెం ఉత్తర అక్షాంశం ఇంచుమించు 17.7 డిగ్రీలు. ఉత్తరానికి జరిగే సూర్యుడు మే 10 ప్రాంతంలో సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజు పగలు 11 గంటల 54 నిమిషాలప్పుడు డాబా మీద ఒక సీసాను నిటారుగా నిలబెడితే దాని నీడ అడుగుకే పరిమితమై మాయమైపోతుంది. ఢిల్లీ పిల్లలు తమ ఊళ్లో ఎన్నడూ చూడలేరు, అక్కడిదాకా సూర్యుడు రాడు. అయిదు నిమిషాల పని. తలకు తువ్వాలు, చేతిలో మజ్జిగ గ్లాసు ఉంటే చాలు. వెనక్కి మళ్లే సూర్యుడు ఆగస్టు 2 ప్రాంతంలో ఇంకోసారి నెత్తి మీదికి వస్తాడు. కానీ అప్పటికి వానమబ్బు కమ్ముకుని ఉంటుంది, పిల్లలు బళ్లో ఉంటారు.