పటక్‌మంటే నొప్పి పోయినట్టేనా? కైరోప్రాక్టిక్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌లో మా చెల్లి నేర్చుకున్నది

ఈ ఎపిసోడ్ అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా ఇంటి మేడ మీదే షూట్ చేస్తున్నా. వెనకాల విజయవాడ హైవే మీద లారీల హారన్లు వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా నాన్న పాతికేళ్లుగా లారీ నడుపుతున్నారు. నడుము నొప్పి ఎప్పటి నుంచో ఉంది. పోయినేడాది నేనే ఆయనకి ఒక రీల్ పంపా. ఒకాయన పేషెంట్‌ని పక్కకి పడుకోబెట్టి, నడుము మెలితిప్పి, పటక్‌మనిపిస్తాడు. పేషెంట్ లేచి నవ్వుతాడు. నాన్న దాన్ని పదిసార్లు చూసి, "ఎముక జాగకొచ్చినట్టున్నది రా, నాక్కూడా చేయించు" అన్నారు. నేను అపాయింట్‌మెంట్ బుక్ చేద్దామని కూర్చున్నా.

అదే రోజు మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. ఇక్కడ ఫిజియోథెరపీ చదివి, మాస్టర్స్‌కి అమెరికా వెళ్లింది. అప్పుడు అక్కడ ఒక కైరోప్రాక్టిక్ కాలేజీ రీసెర్చ్ విభాగంలో ఇంటర్న్‌గా చేస్తోంది. "అన్నా, ఆగు. పెద్దనాన్నకి ఇప్పుడే ఏం చేయించకు" అంది. గంటన్నర మాట్లాడుకున్నాం. ఆ గంటన్నరలో నాకు అర్థమైందే మీకు చెప్తున్నా.

అసలు కైరోప్రాక్టిక్ అంటే ఏంటి? 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. వెన్నుపూసల్ని చేత్తో సరిచేస్తే జబ్బులు తగ్గుతాయని ఆయన నమ్మకం. ఇది మన పుత్తూరు కట్టు లాంటిది కాదు, అది విరిగిన ఎముకకి కట్టేది. ఇంకో విషయం, మన దేశంలో డాక్టర్లకి ఉన్నట్టు కైరోప్రాక్టర్లకి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. కాబట్టి ఎక్కడ చదివారు, ఏం చదివారు అని మనమే అడగాలి.

సరే, ఆ పటక్ ఏంటి? ఎముక జాగకి రావడం కాదు. 2015లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్లు ఎమ్మారైలో వేళ్ల మెటికలు విరిచి చూశారు. కీలు సాగినప్పుడు లోపలి ద్రవంలో గ్యాస్ ఖాళీ ఏర్పడుతోంది, శబ్దం అప్పుడే వస్తోంది అన్నారు. 2018లో ఫ్రాన్స్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో వినీత్ చంద్రన్ సుజ అనే స్టూడెంట్, ప్రొఫెసర్ బరాకత్‌తో కలిసి దీనికి ఈక్వేషన్లు రాశాడు. బుడగ కొంత కూలినా చాలు, ఆ శబ్దం వస్తుందని చూపించాడు. బుడగ పుట్టినప్పుడా, కూలినప్పుడా అనేది వాళ్ల గొడవ. మనకి కావాల్సింది ఒకటే: శబ్దం గ్యాస్‌ది, ఎముకది కాదు.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌కి వద్దాం. మా చెల్లి రోజూ వెన్నులు విరవడం చూస్తా అనుకుని వెళ్లింది. వాళ్లు చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. పేషెంట్ల దగ్గర అనుమతి పత్రాలు తీసుకోవడం, ఎంత వంగగలుగుతున్నారో కొలవడం, నొప్పి 0 నుంచి 10లో ఎంతో రాయడం. అంతే పని.

రెండో వారంలో తప్పు చేసింది. ఒక పెద్దాయనని "నొప్పి ఎంత?" అని అడగాల్సింది పోయి, నవ్వుతూ "ఇప్పుడు బాగుంది కదా?" అంది. ఆయన మొహమాటానికి 2 అన్నాడు. పైగా ఆయనకి ఏ ట్రీట్‌మెంట్ ఇచ్చారో తనకి ముందే తెలిసిపోయింది. ప్రొఫెసర్ ఆ రీడింగ్ పక్కన పెట్టించాడు. "ఆ రోజు ఏడ్చాను అన్నా. కానీ రీసెర్చ్ అంటే ఏంటో ఆ రోజే తెలిసింది" అంది.

మన భాషలో చెప్తా. సర్వర్ స్లో అయింది, రీస్టార్ట్ చేశాం, బాగైంది. రీస్టార్ట్ వల్లేనా? లేక అప్పటికే ట్రాఫిక్ తగ్గిందా? రీస్టార్ట్ చేయని సర్వర్‌తో పోల్చితేనే తెలుస్తుంది. నడుము నొప్పీ అంతే. భరించలేని రోజే మనం పరిగెత్తుతాం. ఆ తర్వాత ఏమీ చేయకపోయినా కొంత తగ్గే అవకాశం ఎక్కువ. మందైతే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చొచ్చు. చేత్తో నొక్కేదానికి ఉత్తుత్తిది ఎలా ఇస్తాం? ఈ రీసెర్చ్‌లో పెద్ద తలనొప్పి అదే.

మరి అంతా మోసమేనా? కాదు. 2018లో వచ్చిన స్టడీలో 750 మంది అమెరికా సైనికుల్ని తీసుకున్నారు. మామూలు వైద్యానికి కైరోప్రాక్టిక్ కలిపినవాళ్లకి 6 వారాల్లో ఓ మోస్తరుగా మేలు కనిపించింది. అయితే ఎవరికి ఏం ఇస్తున్నారో వాళ్లకి తెలుసు. 2019లో 47 ట్రయల్స్ కలిపి చూస్తే, దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇది ఎక్సర్‌సైజ్ లాంటి సిఫార్సు చేసిన పద్ధతులతో దాదాపు సమానం. అంతే, అద్భుతం ఏమీ లేదు.

మెడ విషయంలో మాత్రం జాగ్రత్త. మెడ తిప్పించుకున్నాక రక్తనాళం గోడ చిరిగి స్ట్రోక్ వచ్చిన కేసులు అరుదుగా ఉన్నాయి. అది తిప్పడం వల్లేనా, ముందే మొదలైందా అనే చర్చ ఇంకా నడుస్తోంది. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి పార్లర్‌లో తల వెనక్కి వంచి హెయిర్ వాష్ చేస్తుండగా స్ట్రోక్ లక్షణాలు వచ్చాయని వార్త చూసే ఉంటారు. కటింగ్ అయ్యాక షాపులో మెడ పటక్‌మనిపిస్తారు చూడండి, వద్దని చెప్పేయండి.

నాన్న సంగతి. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాం, ఫిజియో ఎక్సర్‌సైజులు ఇచ్చారు. మా చెల్లి ఇంకో పని పెట్టింది: రోజూ రాత్రి నోట్‌బుక్‌లో నొప్పి నంబర్ రాయాలి. మొదట్లో 7. దసరా వారం బండి ఎక్కలేదు, ఎక్సర్‌సైజులూ ఎగ్గొట్టారు, అయినా 3కి వచ్చింది. మళ్లీ డ్యూటీ, మళ్లీ 6. ఇప్పుడు ఎక్కువగా 4 దగ్గర ఉంటోంది. ఆ దసరా వారంలోనే నేను పటక్‌మనిపించి ఉంటే? "పటక్ వల్లే తగ్గింది" అని నేనే ఇంకో రీల్ చేసేవాణ్ని.

కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం మీద కంట్రోల్ పోయినా, పడ్డాక నొప్పి మొదలైనా రీల్స్ చూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మామూలు నొప్పైతే ఈ రాత్రి నుంచే నంబర్ రాయండి. రెండు వారాల తర్వాత ఆ నంబర్లలో ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. నాన్న కూడా చదువుతారు. మళ్లీ కలుద్దాం, బై.