రోజు విడిచి రోజు జ్వరమెందుకు?

ఇరవయ్యేళ్ల యువకుడికి గజగజ వణికించే చలి, తర్వాత ఒళ్లు కాలిపోయే జ్వరం, చివరకు చెమటలు పట్టాయనుకోండి. మర్నాడు మామూలే! ఆ మర్నాడు మళ్లీ చలి. కారణమేమిటి? చెడుగాలి అనుకునేవారు వెనకటివారు. 'మలేరియా' అనే ఇటాలియన్ మాటకు అర్థమదే.

1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావరాన్, జ్వరపడిన సైనికుడి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో పరాన్నజీవులు కదులుతున్నాయి! మరి జ్వరం వచ్చిపోవడమెందుకు? ఆ చిక్కుముడిని ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్జీ విప్పాడు. ఈ జీవులు ఎర్రరక్తకణాల్లో పెరిగి, అన్నీ ఒక్కసారిగా వాటిని పగలగొట్టుకొని బయటపడతాయి. అప్పుడే చలిజ్వరం! ఇందుకు ఒక రకానికి సుమారు 48 గంటలు, మరో రకానికి 72 గంటలు పడుతుంది.

ఈ జీవులకు దోమతో ఏం సంబంధం? 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ వీటిని అనాఫిలిస్ దోమ పొట్టలో చూశాడు.

చూశారా, జ్వరం వచ్చే వేళ కూడా ఒక ఆధారమే! అయితే మలేరియా జ్వరం అన్నిసార్లూ వేళ తప్పకుండా రాదు. తేల్చి చెప్పేది రక్తపరీక్షే. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గి మళ్లీ వస్తుంటే, రోజూ వేళా రాసిపెట్టి వెంటనే డాక్టరుగారికి చూపించండి. "ఇవాళ తగ్గిందిగా" అని ఊరుకోకండి!