మొండికేసిన మోటారు

మనలో కారు ఉన్నవాడు దానిమీద చిన్న గీత పడితేనే విలవిల్లాడిపోతాడు. అమెరికాలో మాత్రం పాత కార్లను పనిగట్టుకుని ఢీకొట్టించి చూసి ఆనందించే వేడుక ఒకటి ఉన్నది. దాని పేరు 'డెమాలిషన్ డెర్బీ'. మన పొట్టేళ్ల పందెం వంటిదే ననుకోండి! 1950 దశకంలో వ్యాప్తిలోకి వచ్చిన ఈ పోటీ అక్కడి జిల్లా సంతలలో ఈనాటికీ జరుగుతూనే ఉంది. చిట్టచివరిదాకా కదలగలిగిన బండిదే గెలుపు. డ్రైవరు పక్క తలుపును మాత్రం గుద్దకూడదు.

సరే, ఇంతటి యుద్ధానికి దిగవలసిన వీరుడు తీరా సమయానికి లేవనంటే? వారాల తరబడి నిద్ర మాని సిద్ధం చేసిన బండి. అద్దాలన్నీ ఊడదీశారు, తలుపులకు గొలుసులు బిగించారు. భార్యాబిడ్డలు ముందు వరుసలో కూర్చుని చూస్తున్నారు. తాళంచెవి తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు!

అప్పుడు బండిని తిట్టి లాభం లేదు. వైద్యుడు నాడి చూసినట్టు ముందు చెవి పెట్టి వినాలి.

'టిక్కు టిక్కు' మంటే బ్యాటరీ నీరసించిందన్న మాట. నిండుగా ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. కొనలమీద తెల్లని బూజు పేరుకుంటే వైరు ఊడదీసి, వంటసోడా నీళ్లతో కడిగి, గట్టిగా బిగించాలి. ఈ పోటీ బండ్లలో బ్యాటరీని ముందునుంచి తీసి లోపల, డ్రైవరు పక్కన నేలమీద అమరుస్తారు. ఆ హడావిడిలో ఎర్తు తీగను రంగుమీదనే బిగించేస్తారు. రంగు గీకి, నిగనిగలాడే ఇనుము తేలాక బిగిస్తేగాని కరెంటు సాగదు.

అసలు చప్పుడే లేకపోతే గేరు చూడండి. ఆటోమాటిక్ గేరు బండి 'పార్కు'లోనో 'న్యూట్రల్'లోనో ఉంటేనే స్టార్టవుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ కర్రను కాస్త అటూ ఇటూ కదిపితే చాలు!

ఇంజను తిరుగుతూ అందుకోకపోతే నిప్పురవ్వ చూడాలి. ప్లగ్గు ఊడదీసి, దాని తీగకే తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి తిప్పించాలి. నీలిరంగు రవ్వ ఎగిరితే మంచిదే. లేకపోతే డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లకు చెమ్మో చిలుమో పట్టి ఉంటుంది, తుడవాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు దరిదాపుల్లో పెట్రోలు ఉండకూడదు సుమా!

ఇక మిగిలింది పెట్రోలు. వెనుక ఉండే అసలు ట్యాంకు తీసేసి చిన్న ట్యాంకు పెడతారు గనుక కొత్త గొట్టం ఎక్కడైనా వదులైతే పంపు గాలినే పీలుస్తుంది. పెట్రోలు మరీ ఎక్కువై వాసన కొడితే, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి తిప్పాలి. కార్బ్యురేటరులో చేత్తో పెట్రోలు పోసి, మొహం పెట్టి చూడడం మహా ప్రమాదం. ఇంజను ఎదురుతన్ని మంట ఎగిసిందంటే పందెంతోపాటు కళ్లు కూడా పోతాయి.

2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడరు కొందరి ఇళ్లల్లో ఇంకా ఉంది. పాత పెట్రోలు బండి అయితే దానికీ ఇదే వైద్యం. ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి: నిన్నటిదాకా నడిచిన బండి ఈవేళ మొరాయిస్తే, రాత్రి మనం ఏది విప్పి బిగించామో మొట్టమొదట అక్కడే వెదకాలి. పందెంలో ఓడిపోయినా పరువే. గేటు దాటకుండా చతికిలబడితేనే ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా నవ్వుతారు!