కొత్త ఇల్లు కడితే రోడ్డు ఖర్చు ఎవరు కట్టాలి? మీకు తెలుసా?

ఊరు పెరిగితే నీళ్ల పైపులు, మురుగు కాలువలు, రోడ్లు, పార్కులు అన్నీ పెరగాలి కదా! ఆ ఖర్చులో కొంత బిల్డర్ల దగ్గరే రాబట్టడానికి దేశదేశాల్లో ఎన్ని తమాషా లెక్కలున్నాయో!

న్యూజిలాండ్‌లో చాలా కౌన్సిళ్ల కంటికి ఆఫీసు, గోడౌన్, హోటల్ అన్నీ ‘ఇళ్లే’! ఒక మామూలు కుటుంబం వాడే నీళ్లు, వదిలే మురుగు, రోడ్డు మీదికి తీసే బండి కలిపి ఒక యూనిట్‌గా పెట్టుకుని, మీ కట్టడం ఎన్ని ఇళ్ల పెట్టో తేల్చి బిల్లు వేస్తారు.

పార్కుల కోసం అడిగేదానికి అక్కడ చట్టమే గీత గీసింది. కొత్త ప్లాట్ల విలువలో 7.5 శాతం, లేదా అదనపు ఇల్లు ఒక్కోదానికి 20 చదరపు మీటర్ల (మన లెక్కలో సుమారు 24 గజాలు) స్థలం విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటకూడదు.

ఇప్పుడో ప్రశ్న. లైబ్రరీకి వసూలు చేయొచ్చా, పబ్లిక్ టాయిలెట్‌కి చేయొచ్చా? 2014లో అక్కడ చట్టం మార్చి కమ్యూనిటీ హాలు, పార్కుల్లో పిల్లల ఆట పరికరాలు, పబ్లిక్ టాయిలెట్లు, ఈ మూడూ చాలన్నారు. ఈత కొలను కుదరదు, లైబ్రరీ అసలే కుదరదు! మరుగుదొడ్డికి ఇచ్చిన మర్యాద పుస్తకానికి దక్కలేదన్నమాట. 2019లో చట్టం మళ్లీ సవరించాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

తీసుకున్న సొమ్ము చెప్పిన పనికి వాడకపోతే అక్కడి కౌన్సిల్ వాపసు ఇవ్వాల్సిందే!

ఇంగ్లండ్‌లో ఇలా బిల్డర్ల మీద వేసే లెవీ చదరపు మీటర్ల లెక్కన పడుతుంది. కానీ మనుషులు మామూలుగా అడుగుపెట్టని కట్టడానికి సున్నా! యంత్రాలు చూసుకోవడానికి అప్పుడప్పుడు మాత్రమే వెళ్లే షెడ్డుకూ అంతే. గాలిమరలనైతే అసలు భవనాలుగానే లెక్కించరు. సొంతిల్లు కట్టుకునేవాళ్లకూ మినహాయింపు ఉంది, ఆ ఇంట్లో మూడేళ్లు కాపురం చేస్తేనే సుమా!

లండన్‌లో భవనాలు కట్టినవాళ్లు రైలుకి చందా వేశారు! 2012 ఏప్రిల్ నుంచి ప్రాంతాన్ని బట్టి చదరపు మీటరుకు 50, 35 లేదా 20 పౌండ్ల చొప్పున వసూలు చేశారు. క్రాస్‌రైల్ అనే ఆ రైలు మార్గం 2022 మేలో ఎలిజబెత్ లైన్‌గా పరుగు మొదలుపెట్టింది.

కాలిఫోర్నియాలో జార్జ్ షీట్జ్ అనే ఆయన తన స్థలంలో ఫ్యాక్టరీలో తయారైన ఇంటిని పెట్టుకోబోతే, ఎల్ డొరాడో కౌంటీ ట్రాఫిక్ ఫీజు ఎంత వేసిందో ఊహించండి... 23,420 డాలర్లు! ఆయన అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఫీజును ఒక అధికారి కాక చట్టసభే నిర్ణయించినా రాజ్యాంగ పరీక్ష నుంచి తప్పించుకోలేదని 2024లో జడ్జీలంతా ఏకగ్రీవంగా తేల్చారు.

మరి మన దగ్గర? డెవలప్‌మెంట్ ఛార్జీలు, బెటర్‌మెంట్ ఛార్జీలు, ఇంపాక్ట్ ఫీజు అన్న మాటలు వినే ఉంటారు. మీ అపార్ట్‌మెంట్ పర్మిషన్ కాపీ ఉంటే ఒకసారి తీసి, కట్టిన ఫీజుల పట్టిక చూడండి!