పైపులైన్ల అతుకు వెంట తుప్పు: గుర్తింపు, వర్గీకరణ

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో గొట్టాల ద్వారా సహజవాయువు సరఫరా విస్తరిస్తున్న దృష్ట్యా ఉక్కు పైపులైన్ల తుప్పుపై అవగాహన అవసరం. 2014 జూన్ 27న తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. పొడి వాయువుకై వేసిన గొట్టంలో తేమతో కూడిన వాయువు ప్రవహించి, లోపల తుప్పు పట్టినట్లు విచారణలో తేలింది.

వెల్డింగు అతుకు వెంట పట్టే తుప్పు మరింత మోసకారి. ఉక్కు రేకును చుట్టి అంచులను అతికినచోట లోహ స్వభావం మారుతుంది. కొన్ని పాతకాలపు గొట్టాలలో అతుకు పక్కనున్న ఉక్కుకంటే త్వరగా క్షీణించి, కత్తిగాటు వంటి సన్నని గాడి ఏర్పడుతుంది. గొట్టం లోపల ప్రయాణిస్తూ అయస్కాంత క్షేత్రంలోని మార్పులను నమోదుచేసే ‘పిగ్’ (పేరు వింతదే) అనే పరికరం తుప్పును పసిగడుతుంది. అయితే గొట్టాన్ని పొడవునా అయస్కాంతీకరించే సాధారణ పిగ్‌కు ఈ గాడి చిక్కకపోవచ్చు. చుట్టుకొలత దిశగా అయస్కాంతీకరించే పిగ్ గాని, అతిధ్వని పరీక్ష గాని కావాలి.

అసలు చిక్కు వర్గీకరణలో ఉన్నది. అతుకు మీదుగా వ్యాపించిన మామూలు తుప్పును మిగిలిన లోహపు మందాన్ని బట్టి అంచనా వేస్తారు. అతుకునే తినివేసిన గాడిని మాత్రం పగులుతో సమానంగా పరిగణించాలి. ఒకే లోతున్నప్పటికీ దీనివలన ప్రమాదం అధికం. ఏ రకమో తేలనిచోట మట్టి తొలగించి, గొట్టాన్ని నేరుగా పరీక్షించవలసి ఉంటుంది.